ఫైలు రాసేటప్పుడు చిన్న సంచులా? పెద్ద బస్తాలా?

కంప్యూటర్ ఫైలును ఎలా దాస్తుందో నాకు అర్థమైనంత వరకు ఈసారి గోడపత్రికలో రాస్తున్నాను.

మనం 'సేవ్' నొక్కగానే ఫైలు డిస్కులోకి వెళ్ళిపోయిందనుకుంటాం. చాలాసార్లు వెంటనే వెళ్ళదు. డిస్కు నెమ్మది, ర్యామ్ వేగం. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్ ముందు ర్యామ్‌లో ఉంచుకుని, తర్వాత వీలు చూసుకుని డిస్కుకు పంపుతుంది.

రేపల్లె నుంచి, బాపట్ల నుంచి తెనాలిలోని ఒక మిల్లుకు ధాన్యం వచ్చిందనుకోండి. బండి దిగిన సరుకును ముందు వాకిట్లో దించి లెక్క రాసుకుంటారు. తర్వాత గోడౌన్‌లోకి చేరుస్తారు. ఇక్కడ వాకిలి ర్యామ్, గోడౌన్ డిస్కు, లెక్క రాసే గుమాస్తా ఆపరేటింగ్ సిస్టమ్.

మామూలు కంప్యూటర్లలో లినక్స్ సిస్టమ్ ర్యామ్‌ను 4 కిలోబైట్ల ముక్కలుగా చూస్తుంది. ఒక్కో ముక్కను 'పేజీ' అంటారు. 1 మెగాబైటు ఫైలుకు 256 పేజీలు కావాలి. ప్రతి పేజీకి సిస్టమ్ చోటు వెతకాలి, తాళం వేయాలి, సమాచారం నింపాలి, 'డర్టీ' అని గుర్తు పెట్టాలి, తాళం తీయాలి. డర్టీ అంటే మురికి అని కాదు, ఇంకా డిస్కుకు చేరలేదని. ఈ పనంతా 256 సార్లు! ధాన్యాన్ని చేతిసంచుల్లో తెచ్చి, సంచి సంచికీ పద్దు రాసినట్టే కదా.

అదే 64 కిలోబైట్ల ముక్కలైతే 16 సార్లతో సరి. నింపే సరుకు తగ్గదు, పద్దులు రాసే శ్రమ తగ్గుతుంది. ఇలా పక్కపక్క పేజీలను కట్టగట్టి ఒకటిగా చూసే పద్ధతికి లినక్స్‌లో 'ఫోలియో' అని పేరు. మాథ్యూ విల్‌కాక్స్ అనే ఆయన దీనిమీద పనిచేశారు. 2022 జనవరిలో విడుదలైన 5.16 వెర్షన్‌తో ఫోలియో లినక్స్‌లోకి వచ్చింది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఫైలు రాసేటప్పుడు పెద్ద ఫోలియోలు వాడడం 2023 అక్టోబరు నాటి 6.6 వెర్షన్‌లో వచ్చింది.

మరి అన్నిటికీ పెద్దవే వాడొచ్చు కదా? రెండు చిక్కులున్నాయి.

మొదటిది చోటు. ఫోలియోలోని పేజీలు ర్యామ్‌లో వరసగా ఉండాలి. తెనాలి నుంచి రేపల్లె రైల్లో మనం 16 మందిమి పక్కపక్కనే కూర్చోవాలంటే, పెట్టెలో 20 ఖాళీలున్నా అవి చెదురుమదురుగా ఉంటే కుదరదు. నలుగురేసి సర్దుకుంటాం. సిస్టమ్ కూడా అంతే. పెద్ద చోటు దొరక్కపోతే చిన్న ఫోలియోతో సరిపెట్టుకుంటుంది, పని ఆపదు.

రెండోది చిన్న మార్పు. 64 కిలోబైట్ల ఫోలియోలో మనం ఒక్క అక్షరం మార్చామనుకోండి. ఫోలియో మొత్తానికి ఒకటే డర్టీ గుర్తు ఉంటే, మారని భాగాన్ని కూడా డిస్కుకు మళ్ళీ రాయాల్సి వస్తుంది. బస్తాలో గుప్పెడు గింజలు మారిస్తే బస్తా మొత్తం మళ్ళీ మోసినట్టు! అందుకే అదే 6.6 వెర్షన్‌లో ఫోలియో లోపల ఏ భాగం మారిందో విడిగా గుర్తుపెట్టుకునే ఏర్పాటు చేశారు. ఇప్పుడు మారినంత వరకే రాస్తే చాలు. పెద్ద బస్తా లాభం రావాలంటే లోపలి లెక్క చిన్నగానే ఉండాలన్నమాట. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

ఇక మనకు పనికొచ్చే ముఖ్య విషయం. ముక్క చిన్నదైనా పెద్దదైనా, డిస్కుకు చేరేలోపు కరెంటు పోతే ర్యామ్‌లోది పోతుంది. లినక్స్ మామూలుగా 30 సెకన్లు దాటిన డర్టీ పేజీలను డిస్కుకు పంపడం మొదలుపెడుతుంది. ఆ కాస్త వ్యవధి చాలు, మార్కుల జాబితా అయినా ప్రాజెక్టు పని అయినా పోవడానికి. మనది తుఫానుల తీరం. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కాబట్టి కంప్యూటర్‌ను స్విచ్ నొక్కి ఆపేయకండి, పద్ధతి ప్రకారం షట్‌డౌన్ చేయండి. పెన్‌డ్రైవ్‌ను 'ఎజెక్ట్' చేశాకే తీయండి. లినక్స్‌లో 'సింక్' అనే ఆదేశం ఇస్తే, ర్యామ్‌లో ఆగి ఉన్నదంతా అప్పుడే డిస్కుకు వెళ్తుంది.

లెక్క చేయండి: 2 మెగాబైట్ల ఫైలుకు 4 కిలోబైట్ల పేజీలు ఎన్ని కావాలి? 64 కిలోబైట్ల ఫోలియోలైతే ఎన్ని? (జవాబు: 512, 32)