జామతోటకు వీక్లీ ఆఫ్ ఉండదు

మా ఆఫీసు క్యాంటీన్లో ఈమధ్య రెండే మాటలు వినిపిస్తున్నాయి: అప్రైజల్, పొలం. ఎకరం కొని జామ పెట్టి మూడేళ్లలో రాజీనామా ఇచ్చేద్దామనుకునేవాళ్లు మా టీమ్‌లోనే ముగ్గురున్నారు. తప్పేం లేదు, నేనూ పెట్టాను. నేను తిన్న దెబ్బలు మీరూ తినక్కర్లేదని చెబుతున్నాను.

మామిడి ఏడాదికొక్క కాపు. తోట గుత్తకిచ్చేసి మన ఉద్యోగం మనం చేసుకోవచ్చు. జామ అలా ఊరుకోదు. కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి కొమ్మ కత్తిరించి నీళ్లూ ఎరువూ ఇస్తే మళ్లీ పూతకొస్తుంది. రైతుకు అది వరం, వారానికి ఐదు రోజులు సీట్లో కూర్చునేవాడికి అదే చిక్కు. ముదురాకుపచ్చ రంగు లేతబడగానే కాయ కోసేయాలి. బుధవారం రంగు తిరిగిన కాయ శనివారం మీరు వెళ్లేసరికి మెత్తబడి ఉంటుంది. దాన్ని మార్కెట్లో పక్కకు తీసేస్తారు.

మొదటి తప్పు మొక్కల దగ్గరే జరుగుతుంది. నేను ఫోన్లో ఫొటోలు చూసి, తక్కువకు వస్తున్నాయని తైవాన్ పింక్ మొక్కలు తెప్పించాను. ఏడాది తిరగకముందే ఆకులు ఎర్రబారి ఎదుగుదల ఆగింది. నీళ్లు చాలట్లేదేమోనని నీళ్లు పెంచాను. చివరికి ఒక మొక్క పీకి చూస్తే వేళ్లంతా బుడిపెలు. నులిపురుగులు నర్సరీ మట్టితోనే వచ్చాయి. ఒకసారి నేలలో చేరాక వాటిని పూర్తిగా వదిలించుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే అడ్వాన్స్ ఇచ్చేముందు నర్సరీకి మీరే వెళ్లండి. నాలుగైదు మొక్కల కవర్లు విప్పించి, వేళ్లు కడిగి చూడండి. విప్పనివ్వకపోతే ఆ మొక్కలు వద్దు. రకం పేరు చూసి కూడా మోసపోకండి. లక్నో-49 అనే రకాన్ని ఎంపిక చేసింది పుణెలోని గణేశ్‌ఖిండ్‌లో!

ఇక లెక్క. పదడుగుల దూరంలో పెడితే ఎకరానికి 435 మొక్కలు. చెట్టుకు పావుకిలో కాయలు 60 అనుకుందాం, 15 కిలోలు. మొత్తం ఆరున్నర టన్నులని కాగితం మీద కనపడగానే మనసు గాల్లో తేలుతుంది. అక్కడే ఆగండి. మచ్చలేని కాయ కావాలంటే పిందె దశలోనే ఒక్కోదానికి ఫోమ్ నెట్, దానిమీద కవర్ తొడగాలి. అంటే 26,100 కాయలు. ఒక మనిషి రోజుకు 800 కాయలకు తొడిగినా 33 రోజుల కూలి. కూలి 600, కవరూ నెట్టూ కలిపి కాయకు రూపాయిన్నర వేసుకున్నా దాదాపు 59 వేలు. ఐదో వంతు కాయ గ్రేడింగ్‌లో పోయి, కిలో 25 రూపాయలకు అమ్మితే వచ్చేది లక్షా 30 వేలు. కమీషన్, హమాలీ, కోత కూలి, బండి కిరాయి, ఎరువులు, కాపలా మనిషి జీతం ఇంకా తియ్యలేదు. రేట్లు మీ ఊరివి వేసుకోండి, వరస మాత్రం ఇదే.

కాపు ఏ కాలంలో రావాలో మీరు నిర్ణయించాలి, చెట్టుకు వదిలేయకూడదు. వేసవికి ముందు పూసిన పూత వానల్లో కాయగా దిగుతుంది. ఆ కాయ చప్పగా ఉంటుంది, పండు ఈగ కూడా అప్పుడే ఎక్కువ. పైకి నిగనిగలాడే కాయను కోస్తే లోపల పురుగులు. ఫిబ్రవరి నుంచి నీళ్లు తగ్గించి, మే నెలలో కొమ్మలు కత్తిరించి, జూన్‌లో ఎరువు వేసి నీళ్లు మొదలుపెడితే పూత వానాకాలంలో వచ్చి కాయ చలికాలంలో దిగుతుంది. రుచీ రేటూ రెండూ బాగుంటాయి. ఈగకు మిథైల్ యూజినాల్ ఎరలు కాయ దిగకముందే కట్టాలి. రాలిన కాయలు ఏరి లోతుగా పాతిపెట్టాలి. ఏరమని ఫోన్లో చెబితే ‘ఏరేశాం సార్’ అనే వినిపిస్తుంది. వెళ్లి చూస్తే చెట్టు కిందే ఉంటాయి.

ఇంకో మాట. వ్యవసాయ ఆదాయానికి ట్యాక్స్ లేదు కదా అని రిటర్న్‌లో చూపించకుండా వదిలేయకండి. జీతం మినహాయింపు పరిమితి దాటి, వ్యవసాయ ఆదాయం 5 వేలు మించితే, జీతం మీద కట్టాల్సిన ట్యాక్స్ రేటు తేల్చడానికి దాన్నీ కలుపుతారు. ప్రభుత్వోద్యోగులైతే పొలం కొనేముందు శాఖకు తెలియజేయాల్సిన నిబంధనలు చదువుకోండి.

పొలం కొనకముందు ఒక పని చేయండి. తెలిసినవాళ్ల తోటలో కోతలు జోరుగా ఉన్న వారం సెలవు పెట్టి, పొద్దున ఐదింటి నుంచి బండి లోడయ్యేదాకా అక్కడే ఉండండి. ఆ వారం సెలవు దొరక్కపోతే మీకు తోట కుదరదు, ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకోండి.