తోటను కాపాడుకున్న పేట

బాలబాలికలారా! సాయంకాలం బడి నుండి వచ్చిన తరువాత మీరు ఎక్కడ ఆడుకుంటారు? మీ ఇంటికి దగ్గరలో చెట్లు, పచ్చిక ఉన్న చోటు ఒకటి ఉండే ఉంటుంది. అది ఎవరిది? ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. మరి అందరిదీ అయిన దానిని కాపాడవలసింది ఎవరు? కౌలాలంపూరులోని ఒక పేటవారు ఈ ప్రశ్నకు ఎలా జవాబు చెప్పారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆ పేట పేరు తామాన్ తున్ డాక్టర్ ఇస్మాయిల్. దాని పక్కన బుకిట్ కియారా అనే కొండ ఉన్నది. కొండ అంచున తామాన్ రింబా కియారా అనే ఉద్యానవనం ఉన్నది. మలాయి భాషలో 'తామాన్' అంటే తోట, 'రింబా' అంటే అడవి అని మీకు తెలుసు కదా! ఈ తోట విస్తీర్ణం సుమారు 25 ఎకరాలు. పెద్దలు అక్కడికి నడకకు వస్తారు. పిల్లలు చెట్ల నీడన ఆడుకుంటారు.

పూర్వం ఈ కొండ మీద రబ్బరు తోట ఉండేది. ప్రభుత్వం ఆ భూమిని తీసుకున్నది. అక్కడి కూలీల కుటుంబాలు 1980ల నుండి పొడవైన వరుస ఇండ్లలో కాలం గడుపుతూ వచ్చాయి. వీటినే 'రుమా పాంజాంగ్' అంటారు. పక్కా ఇండ్లు ఇస్తామన్న మాట దశాబ్దాలు గడిచినా నెరవేరలేదు. మన తాతముత్తాతలలో చాలామంది ఇటువంటి రబ్బరు తోటలలోను, కొబ్బరి తోటలలోను పని చేయడానికే తెలుగు నేల విడిచి మలయాకు వచ్చారు. అందుచేత ఆ కుటుంబాల కష్టం మనకు కొత్త కాదు.

2017వ సంవత్సరంలో ఉద్యానవనంలోని సుమారు 12 ఎకరాలలో భవనాలు కట్టడానికి నగర పాలక సంస్థ అనుమతి ఇచ్చింది. 40 అంతస్తులు మించిన భవనాలు 8 కట్టాలని పథకం. వాటితోపాటు 29 అంతస్తుల భవనం ఒకటి, అందులో తక్కువ ధరకు 350 ఇండ్లు. ఈ పథకం వలన తమకు ఇల్లు దొరుకుతుందని వరుస ఇండ్లవారిలో పలువురు ఆశించారు.

పేటవారు మాత్రం కలవరపడ్డారు. ఎందుకు? చెట్లున్న నేల వాననీటిని పీల్చుకుంటుంది. అదే నేల మీద సిమెంటు పరిస్తే నీరు ఇంకే దారిలేక కాలువల వైపు, వీధుల వైపు పరుగెత్తుతుంది. జోరువాన కురిస్తే కౌలాలంపూరు వీధులు ఎలా మునుగుతాయో మీరు చూచే ఉంటారు. పైగా వేలమంది కొత్తగా వస్తే ఇరుకు దారులలో వాహనాలు కిక్కిరుస్తాయి.

అప్పుడు వారు ఏమి చేశారు? కోపంతో రాళ్ళు రువ్వలేదు. మొదట కాగితాలు చదివారు! నగరంలో ఇండ్లు ఎక్కడ ఉండాలి, తోటలు ఎక్కడ ఉండాలి అని చెప్పే ప్రణాళిక ఒకటి ఉన్నది. అందులో ఆ స్థలం ఉద్యానవనమనే ఉన్నది. "ప్రణాళికలో తోట అని ఉన్న చోట భవనాలు ఎలా కడతారు?" అని వారు అడిగారు. సంతకాలు సేకరించారు. సభలు జరిపారు. ఆగస్టు 2017లో కోర్టుకు వెళ్ళారు.

పేదలకు ఇండ్లు వద్దని వారు అన్నారా? లేదు. వరుస ఇండ్లు ఉన్న చోటనే ఆ కుటుంబాలకు పక్కా ఇండ్లు కట్టమని, దానికి తోటను బలిపెట్టనక్కరలేదని వారి వాదన.

2018లో హైకోర్టు వారి కేసును కొట్టివేసింది. వారు నిరాశపడి ఇంట కూర్చోలేదు. 2021 జనవరిలో అప్పీలు కోర్టు ఆ అనుమతిని రద్దు చేసింది. చివరకు 2023 ఏప్రిల్ 18న ఫెడరల్ కోర్టు కూడా పేటవారి పక్షాననే తీర్పు చెప్పింది. నగర ప్రణాళికకు చట్టబలం ఉన్నదని, దానిని తప్పి నడిస్తే కారణం చెప్పి తీరాలని ఆ తీర్పు సారాంశం.

ఇలా తోట నిలిచింది. కాని ఒక్క సంగతి మరువకండి. తీర్పు తోటను కాపాడగలదు గాని ఇల్లు కట్టి ఇవ్వలేదు. వరుస ఇండ్లవారికి ఇచ్చిన మాటను నిలబెట్టవలసిన బాధ్యత తీర్పు తరువాత కూడా మిగిలే ఉన్నది. మంచి పేట అంటే చెట్టుకూ చోటు ఉండాలి, మనిషికీ చోటు ఉండాలి.

మీరు కూడా మీ పేటను ఒకసారి కలయజూడండి. నీడనిచ్చే చెట్లు ఎన్ని ఉన్నాయి? చెత్త ఎక్కడ పేరుకున్నది? వాటిని గురించి మీ అమ్మానాన్నలతో, ఇరుగుపొరుగువారితో మాట్లాడండి. అందరిదీ అయిన దానిని అందరూ కలిసి కాపాడుకోవాలి.

పదాలు – అర్థాలు
విస్తీర్ణం = నేల వైశాల్యం
కలవరపడు = ఆందోళన చెందు
సారాంశం = ముఖ్యమైన భావం

ప్రశ్నలు
1. భవనాలు వద్దనడానికి పేటవారు ఏ కారణాలు చెప్పారు?
2. వరుస ఇండ్లవారు ఈ పథకం మీద ఎందుకు ఆశ పెట్టుకున్నారు?
3. మీ పేటలో బాగుచేయవలసిన ఒక స్థలం గురించి నగర పాలక సంస్థకు మర్యాదగా ఒక లేఖ వ్రాయండి.