పెరటి చేపల కుంటకు రాతిమెట్ల ధార

ఖమ్మం జిల్లా కల్లూరు వైపు వేసవిలో మీ కుంటనీరు వేడెక్కును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ నిలుచును. రాత్రివేళ నాచు సైతము దానిని వాడుకొనుటచే, తెల్లవారుజామున బొచ్చె, రోహు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచును. ఉపేక్షించినచో చచ్చును.

కుంటనీటినే మోటారుతో తోడి, గట్టుపై పేర్చిన బండల మీదుగా దూకించవలెను. పైబండను కుంటవైపు కొద్దిగా వాల్చవలెను. లేనిచో నీరు వెనుకకు మళ్ళి గట్టును కోయును. ధార ఒక మూలనే లావుగా పడినచో ఆ మూల క్రింద రాతిచీలిక దూర్చి ఎత్తవలెను. అంచు పొడవునా పలుచగా పడి చిట్లిన నీటికే గాలి బాగుగా కలియును.

కొందరు పగలు చూడముచ్చటకై నడిపి రాత్రి ఆపుదురు. ఇది సరికాదు, అర్ధరాత్రి నుండి ప్రొద్దుపొడుచువరకు నడపవలెను.

మోటారు నడచునపుడే మట్టము త్వరగా తగ్గుచున్నచో కారుట బండల వద్దనో, గొట్టమునందో యుండును. ఆపినను అట్లే తగ్గుచున్నచో కుంట అడుగును, గట్టును చూడవలెను.