ఫ్లేవర్ సీసాలో ఫ్లేవర్ ఎంత?

మా కొనకనమిట్ల వైపు పొగాకు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. చేలో ఆకు, బ్యారన్‌లో క్యూరింగ్, పొదిలిలో వేలం, ఇవన్నీ చిన్నప్పటినుంచీ చూసేవే. కానీ వేప్ మాట వస్తే మాత్రం మన హాస్టళ్లలో ఒకటే డైలాగ్: "అందులో ఆకే లేదు కదరా, ఉట్టి ఫ్లేవర్ ఆవిరి!" సరే, ఆ ఫ్లేవర్ సీసాలో ఏముంటుందో చూద్దాం.

వంటింట్లో కేక్‌కి వాడే వెనిలా ఎసెన్స్ తీసుకోండి. వాసననిచ్చే వెనిలిన్ అసలు తెల్లటి పొడి. నీళ్లలో అంతంతమాత్రంగానే కరుగుతుంది. ఆల్కహాల్‌లో, ప్రొపిలీన్ గ్లైకాల్‌లో బాగా కరుగుతుంది. ఇలా వాసన పదార్థాన్ని కరిగించి మోసుకొచ్చే ద్రవమే క్యారియర్, అంటే వాహకం. సీసాలో ఎక్కువ భాగం సాధారణంగా ఇదే ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఇన్‌స్టాల్ చేసింది ఒక ప్యాకేజీ, వెనకాల దిగినవి దాని డిపెండెన్సీలు. అవి ఎవరూ చదవరు.

ప్రొపిలీన్ గ్లైకాల్ పల్చగా ఉంటుంది, 188 డిగ్రీల దగ్గర మరుగుతుంది. గ్లిజరిన్ చిక్కగా, తియ్యగా ఉంటుంది, దానికి 290 డిగ్రీలు కావాలి. దట్టమైన మేఘంలా వచ్చేది ఎక్కువగా దీనివల్లే. నారింజ తొక్క నూనె లాంటివి గ్లైకాల్‌లో సరిగా కలవవు కాబట్టి కొన్ని ఫ్లేవర్లలో ట్రయాసెటిన్, కొన్నిట్లో కొబ్బరి నుంచి తీసే ఎంసీటీ నూనె వాడతారు. స్వీట్లలో వేసుకుంటే ఏ గొడవా లేదు.

గొడవంతా పీల్చినప్పుడే. "ఫుడ్ గ్రేడ్" అనేది కడుపుకి సంబంధించిన మాట. కడుపులో పడ్డ నూనె అరిగిపోతుంది, ఊపిరితిత్తుల్లో దాన్ని అరిగించే ఏర్పాటు లేదు. అక్కడ చేరితే లిపోయిడ్ న్యుమోనియా రావచ్చు. 2019లో అమెరికాలో జరిగింది గుర్తుందా? గంజాయి వేప్ ద్రవాల్ని పల్చన చెయ్యడానికి విటమిన్ ఇ ఎసిటేట్ కలిపారు. చర్మం క్రీముల్లో ఉండేదే అది! 2020 ఫిబ్రవరి నాటికి ఆస్పత్రి పాలైనవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి 2,807 మంది. అందులో మరణాలు 68. ఒక పరిశోధనలో 51 మంది రోగుల ఊపిరితిత్తుల ద్రవం పరీక్షిస్తే 48 మందిలో ఆ పదార్థం దొరికింది.

మరి నూనె లేకపోతే? గ్లైకాల్, గ్లిజరిన్ మితిమీరి వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, ఆక్రోలిన్ పుడతాయి. మాడిన నూనె కళ్లు మండిస్తుంది చూడండి, ఆ ఘాటులో ఉండేది ఆక్రోలినే.

మన దేశంలో 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్‌తో, తర్వాత చట్టంతో ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి, నిల్వ, ప్రకటనలు నిషేధించారు. నికోటిన్ లేకపోయినా నిషేధమే. కాబట్టి దొంగచాటుగా వచ్చే సీసా లేబుల్‌కి పూచీ పడేవాడు ఉండడు. 1986లో ముంబై జేజే ఆస్పత్రిలో రోగులకిచ్చిన గ్లిజరిన్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి 14 మంది చనిపోయారు. రెండూ రంగులేనివే, రెండూ తియ్యనివే, చూసి తేడా చెప్పలేం. అది ఆస్పత్రి, అక్కడ డాక్టర్లున్నారు. మన హాస్టల్ రూమ్‌లో ఎవరున్నారు?