సూది కంటే ముందు లెక్క

అమ్మడూ,

బీఎస్సీ నర్సింగ్ ఆఖరి సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్పే, 22 వారాలు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 సిలబస్ ప్రకారం అందులో పిల్లల వార్డు వంతు 4 వారాలు. ఆ కాస్త వ్యవధిలో చాలామంది విద్యార్థినుల ధ్యాసంతా క్యాన్యులా మీదే. పసుపు రంగు 24 గేజ్ సూది పసివాడి చేతికి ఒక్క పోటులో ఎక్కిందంటే ఆ రోజు హాస్టల్లో పండగే. లాగ్‌బుక్‌లో సంతకం పడుతుంది, తోటివాళ్లు కుళ్లుకుంటారు. నరం దొరకబుచ్చుకోవడం ఉద్యోగంలో చేరాక చేస్తూ చేస్తూ ఎలాగూ వస్తుంది. లెక్కపెట్టడం అలా రాదు. దాన్ని నేర్చుకునే తీరిక విద్యార్థిగా ఉన్నప్పుడే దొరుకుతుంది.

మొదట ఊపిరి. పెద్దల వార్డులో పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం అలవాటైపోయి ఉంటుంది. పసిబిడ్డల ఊపిరి ఒకే తీరున నడవదు. కాసేపు గబగబా, కాసేపు ఆగినట్టు. అందుకే చొక్కా పైకెత్తి, పొట్ట మీద చూపు నిలిపి, నిండు నిమిషం లెక్కపెట్టాలి. బిడ్డ ఏడుస్తున్నా, పాలు తాగుతున్నా ఆ అంకె పనికిరాదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40కి చేరినా, దాటినా వేగంగా పీలుస్తున్నట్టే. వాచీ లేకుండా వార్డుకొచ్చే ఫైనలియర్ పిల్లలు ఇప్పటికీ ఉన్నారంటే ఏమనాలి!

ఈ అంకె చేతిలో ఉంటే డాక్టరుతో మాట్లాడే తీరే మారిపోతుంది. "మేడమ్, నాలుగో బెడ్ బాబు బాలేడు" అంటే వార్డులో సగం మంది బాలేనివాళ్లే. అదే "నాలుగో బెడ్, పది నెలల బాబు. గంట కింద ఊపిరి 46, ఇప్పుడు 58. డొక్కలు ఎగరేస్తున్నాడు, పాలు పట్టట్లేదని వాళ్లమ్మ చెబుతోంది" అని చెబితే ఏ డాక్టరైనా కుర్చీలోంచి లేస్తారు. చివరి ముక్క తల్లి చెప్పింది. ఆవిడ మాట కేస్ షీటులో ఎక్కకపోతే వినీ విననట్టే.

తర్వాత బరువు. పిల్లల వార్డులో మందులన్నీ దాని మీదే నడుస్తాయి. ఎనిమిది కిలోల పాపకు జ్వరం వచ్చింది. పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున 120 మిల్లీగ్రాములు. అంతవరకూ అందరూ చెబుతారు. ఇక సీసా చేతికి తీసుకోవాలి. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 4.8 మిల్లీలీటర్లు, 250 ఉండేదైతే 2.4. చుక్కల మందులో ఒక్కో మిల్లీలీటరుకే 100 ఉంటాయి కాబట్టి 1.2 చాలు. మొదటి సిరప్ కొలతలో ఈ చుక్కల మందు పోస్తే పాప కడుపులోకి నాలుగు రెట్లు వెళ్తుంది. పేరొకటే, రంగూ ఒకటే కావచ్చు. అందుకని సీసా మీది అక్షరాలు పైకి చదివి, లెక్క కాగితం మీద వేసి, రెండోవాళ్లతో విడిగా వేయించి, అప్పుడు సిరంజిలోకి తీయాలి. సీనియర్ సిస్టర్ పక్కనుండి "నాకు తెలుసులేవే" అన్నా సరే, వేయించుకోవాలి.

ఐవీ ఫ్లూయిడ్ దగ్గరా ఇదే కథ. మైక్రోడ్రిప్ సెట్లో 60 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. కాబట్టి గంటకు 30 మిల్లీలీటర్లు కావాలంటే నిమిషానికి 30 చుక్కలు, లెక్కే అక్కర్లేదు. ఆ సుఖానికి అలవాటు పడ్డ చెయ్యి, స్టాకు లేక 20 చుక్కల మామూలు సెట్ తగిలించిన రోజున కూడా 30 చుక్కలకే తిప్పితే గంటకు 90 మిల్లీలీటర్లు పోతాయి. సెట్ కవరు చెత్తబుట్టలో వేసేముందు దాని మీది అంకె చూడటం రెండు క్షణాల పని.

ఇక సూది. అది నేర్చుకోవద్దని కాదు. మొదట బిడ్డను పట్టుకోవడం నేర్చుకోవాలి. బ్రిటన్‌లో ఒకప్పుడు ఆసుపత్రిలో చేరిన పిల్లల దగ్గర తల్లిని ఉండనిచ్చేవారు కాదు. జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో రెండేళ్ల పాప మీద తీసిన సినిమా, ఆసుపత్రిలో పిల్లల బాగోగుల మీద 1959లో వచ్చిన ప్లాట్ కమిటీ నివేదిక ఆ తీరు మార్చడానికి తోడ్పడ్డాయి. మన వార్డుల్లో తల్లి ఎప్పుడూ మంచం మీదే ఉంటుంది. అయినా సూది వేసే వేళకు ఆవిడను బయటికి పంపేస్తుంటారు. ఆవిడ ఉంటానంటే బిడ్డకు దుప్పటి చుట్టి ఆవిడ ఒళ్లో కూర్చోబెట్టించి, ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, చేతిని దుప్పటిలోంచి బయటికి తీసి పట్టుకుంటే బిడ్డ గింజుకోవడం తగ్గుతుంది. సాధారణంగా నరం కూడా తేలికగా చిక్కుతుంది.

డిశ్చార్జి రోజును విద్యార్థినులు పట్టించుకోరు, లాగ్‌బుక్‌లో దానికి గ్లామరు లేదు. విరేచనాలతో వచ్చి కోలుకున్న బిడ్డకు జింకు 14 రోజులు వేయాలి. విరేచనాలు ఆగిన మర్నాడే మానేసే తల్లులు ఎక్కువ. "అర్థమైందా అమ్మా?" అంటే అందరూ అయిందనే అంటారు. అలా అడక్కుండా ఆవిడ చేతే మాత్ర చెంచాలో కరిగించి చూపించమనాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకు. ఇంట్లో లీటరు దేంతో కొలుస్తారని అడిగితే కూల్‌డ్రింక్ సీసా అంటారేమో. ఆ సీసా ముప్పావు లీటరుదో, లీటరుంపావుదో లేబుల్ చూసి చెప్పి పంపాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ