పాళెములో పొరుగువాని కుక్క

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 21:18–19, 28–36, ద్వితీయోపదేశకాండము 23:9–14, సామెతలు 12:10.



సంఘ పత్రికలో కుక్కను గూర్చి పాఠమేమిటని కొందరు నవ్వవచ్చును. అయితే గడచిన సుగ్గి కాలములో మనవారు దిగిన ఒక మిరపచేని యొద్ద, ఒక కుక్క నిమిత్తము రెండు కుటుంబములు పది దినములు ఒకరితో నొకరు మాటలాడలేదు. ఒక బిడ్డ ప్రాణము అపాయములో పడెను. మా వలన కూడ ఒక పొరపాటు జరిగినది. దేవుని వాక్యము ఇట్టి సంగతిని గూర్చి ఏమైన చెప్పుచున్నదా అని మేము వెదకితిమి. చాల చెప్పుచున్నది. మరల సుగ్గికి బయలుదేరక మునుపే దీనిని మీరు ఇంటింట చదువుకొనవలెనని వ్రాయుచున్నాము.

1. మన పాళెములు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో తుంగభద్ర దిగువ కాలువ నీరు అందు పొలములు కొన్నియే. మిగిలిన నేల వానను నమ్ముకొన్నది. ప్రత్తి, వేరుసెనగ పనులు ముగిసిన పిమ్మట చేతికి పని దొరకదు. కాబట్టి కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, నందవరము మొదలగు మండలముల నుండి కుటుంబములకు కుటుంబములే సుగ్గికి తరలిపోవుచున్నవి. అనేకులు మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకు పోవుదురు. కొందరు తెలంగాణకు పోవుదురు. బియ్యము, జొన్నపిండి, సట్లు, చాపలు లారీకెక్కించి, చేని గట్టున కర్రలు పాతి, పైన పట్ట కప్పి కాపురముందురు. పది పండ్రెండు గుడారములు ఒకచోట చేరినయెడల అదియే వారికి కొన్ని నెలలు ఊరు. పిల్లలలో కొందరు ఊరి బడిలో ప్రభుత్వము నడుపు సీజనల్ హాస్టలులో ఉందురు. పసివారు మాత్రము తలిదండ్రుల వెంటనే పోవుదురు.

ఊరిలో ఇంటికిని ఇంటికిని నడుమ గోడ యున్నది. పాళెములో గోడ లేదు. ఒకని పొయ్యి పొగ మరియొకని కంటిలో పడును. ఒకని బిడ్డ యేడ్చిన అందరికి నిద్ర లేదు. కుక్క సంగతియు అంతే. కొందరు తమ కుక్కను విడువలేక లారీలో వెంట తెచ్చుకొందురు. చేని యజమానునికి కావలి కుక్క యుండును. ఎరువు కొరకు ప్రక్క చేలలో మంద నిలుపు గొఱ్ఱెల కాపరులకు కుక్కలుండును. అన్నపు వాసన పట్టి వచ్చు దిక్కులేని కుక్కలును ఉండును. పగలు పెద్దలందరు కోతకు పోయినప్పుడు, గుడారముల యొద్ద మిగులునది పసిపిల్లలును, వారిని చూచు ఎనిమిది తొమ్మిది ఏండ్ల అక్కలును, ఈ కుక్కలును మాత్రమే.

2. జరిగిన సంగతి

మేము చెప్పు పాళెములో ఒక సహోదరునికి ఎఱ్ఱ కుక్క ఒకటి యుండెను. రాత్రి పందులు వచ్చినను, పాము వచ్చినను మొదట మొరిగి లేపునది అదియే. మొదటి వారములో అది ఒక పిల్లవాని చొక్కా పట్టి చించెను. అతని తల్లి, కూలికి వచ్చిన చోట తగవు ఎందుకని ఊరకుండెను. రెండవ వారములో నీళ్లకు పోవు ఒక అవ్వ మీదికి దూకెను. ఆమెయు కర్ర చూపి తప్పించుకొని ఊరకుండెను. మూడవ వారములో ఒక మధ్యాహ్నము, ఆరేండ్ల పాప అన్నపు పళ్లెము పట్టుకొని అది తినుచున్న చోటికి పోగా, అది పాప పిక్కను కరచెను. పన్ను లోపలికి దిగి రక్తము కారెను.

పెద్దలు పరుగెత్తి వచ్చి గాయమునకు కారము, సున్నము అద్దిరి. కుక్క యజమానుడు, మొరిగెడు కుక్క కరవదు, మీ పాపయే దానిని రేపియుండునని అనెను. పాప మేనమామ, ఈ రాత్రి అన్నములో మందు కలిపి దానిని చంపెదనని ఒట్టు పెట్టుకొనెను. మేస్త్రి మాకు ఫోను చేసెను. మేము ఫోనులోనే ప్రార్థించి, సమాధానముగా ఉండుడి, రేపు వచ్చెదమని చెప్పితిమి. ఆసుపత్రికి పొండని మాత్రము చెప్పలేదు. ఆ తప్పు మాదే. మరునాడు మేము చేరునప్పటికి ఆ ఊరి ఆశా కార్యకర్త వచ్చి, ముందు బిడ్డను తీసికొని పోవుదము, తగవు తరువాత తీర్చుకొండని వారిని కదలించుచుండెను. ఒక దినము వ్యర్థమైనది. దేవుని కృపవలన బిడ్డ క్షేమముగా నున్నది. అయితే ఆ దినమును తలంచుకొన్నప్పుడెల్ల మాకు భయము కలుగుచున్నది.

3. పొడుచు ఎద్దును గూర్చిన ధర్మము

ఇశ్రాయేలీయులు గుడారములలో కాపురమున్న దినములలోనే దేవుడు వారికి ఈ ధర్మమునిచ్చెను. ఒకని ఎద్దు మనుష్యుని పొడిచినయెడల ఏమి చేయవలెను? ఆ ఎద్దుకు పొడుచు అలవాటున్నదని యజమానుడు అంతకుముందు ఎరుగనియెడల అతనిమీద దోషము లేదు. అలవాటున్నదని అతనికి చెప్పబడియు, అతడు దానిని కట్టి కాపాడనియెడల దోషమంతయు అతనిదే. నిర్గమకాండము 21వ అధ్యాయములో ఈ భేదమును గమనించుడి.

ఇందులో రెండు బాధ్యతలున్నవి. ఒకటి కట్టువానిది, రెండవది చెప్పువానిది. ఎవరును చెప్పనిదే యజమానునికి ఎట్లు తెలియును? మన పాళెములో చొక్కా చిరిగిన పిల్లవాని తల్లి చెప్పలేదు, అవ్వ చెప్పలేదు. వారు ఓర్చుకొంటిమనుకొనిరి. కాని తమకు కలిగిన అపాయమును ఓర్చుకొనుట వేరు, ఇతరుల బిడ్డకు రాబోవు అపాయమును దాచుట వేరు. మొదటిది ఓర్పు. రెండవది ఓర్పు కాదు.

కుక్క కాటుకు చెప్పు దెబ్బ అని మన సామెత. మేము ఆ మాటను కొంచెము తిప్పి చెప్పుచున్నాము. కుక్క కాటుకు ముందే చెప్పు. కాలి చెప్పు కాదు, నోటితో చెప్పు. కోపముతో నలుగురిలో కాదు. యజమానుని గుడారమునకు పోయి మెల్లగా చెప్పు. యజమానుడా, నీ పొరుగువాడు వచ్చి చెప్పినప్పుడు, మా కుక్క అట్టిది కాదని అనకుము. నీ యెదుట తోక ఊపు కుక్క పరుల బిడ్డ యెదుట అట్లే యుండునని తలంచకుము.

అదే అధ్యాయములో మరియొక మాట యున్నది. ఒకడు కొట్టుటవలన మరియొకడు మంచము పట్టినయెడల, కొట్టినవాడు అతని వైద్యమునకును, పోయిన పని దినములకును బాధ్యుడు. కూలివాని దినము విలువ దేవునికి తెలియును. పాప తల్లి ఆసుపత్రికి తిరిగి నాలుగు దినముల కూలి పోగొట్టుకొనెను. ఆసుపత్రిలో సూదులకు డబ్బు తీసికొనలేదు గాని ఆ కూలి ఎవరిత్తురు?

4. పాళెము శుభ్రముగా నుండవలెను

ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయములో దేవుడు తాను పాళెము మధ్య సంచరించువాడనని చెప్పి, మలమును పాళెము వెలుపల గుంట త్రవ్వి కప్పవలెనని ఆజ్ఞాపించెను. దేవుడు నడచు చోటు కాబట్టి శుభ్రముగా నుండవలెను. ఇది మన పాళెములకును తగిన మాట. కుక్కలు ఊరకే గుంపుకూడవు. మిగిలిన అన్నము, ఎముకలు, కోడి ప్రేగులు గుడారముల యెదుట పారవేయుటచేతనే కూడును. ఆదివారము మాంసము వండుకొన్నప్పుడు చెత్తను దూరముగా గుంటలో పూడ్చినయెడల సగము కుక్కలు రావు. అన్నము కొరకు కుక్కలు పోట్లాడు చోటనే పిల్లలు కాటు పడుదురు.

5. కుక్కను ద్వేషింపవద్దు

బైబిలులో కుక్క తరచు నీచమైన దానిగా చెప్పబడినను, అంతయు అట్లే లేదు. యోబు తన మందను కాయు కుక్కలను జ్ఞాపకము చేసికొనెను. ధనవంతుని వాకిట లాజరు పడియున్నప్పుడు అతని కురుపుల యొద్దకు వచ్చినవి కుక్కలే. కనాను స్త్రీ బల్ల క్రింద ముక్కలు తిను కుక్కపిల్లలను జూపి మాటలాడినప్పుడు ప్రభువు ఆమె విశ్వాసమును మెచ్చుకొనెను. నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టునని సామెతలు 12:10లో నేర్చుకొనుచున్నాము. కాబట్టి విషము పెట్టుట, కాళ్లు విరుగగొట్టుట విశ్వాసికి తగదు. ఎండలో నీళ్లు లేక కట్టివేయుటయు తగదు.

అంతేకాక, కరచిన కుక్కను చంపినవాడు తన బిడ్డకే నష్టము చేసికొనును. కరచిన దినము నుండి పది దినములు దానిని కట్టియుంచి చూడవలెను. పది దినములును అది ఆరోగ్యముగా నున్నయెడల, కరచిన నాడు దాని చొంగలో ఆ పిచ్చి రోగము లేదని తెలియును. దానిని చంపినను, తరిమివేసినను ఈ సంగతి తెలియదు. అయితే ఈ పది దినములు ముగియువరకు వైద్యము ఆపి కూర్చుండరాదు.

6. కరచినయెడల చేయవలసినది

రేబిస్ అను పిచ్చికుక్క రోగము లక్షణములు కనబడిన పిమ్మట దాదాపు ఎవరిని విడువదు. అయితే అవి కనబడక మునుపు వైద్యము చేయించినయెడల దానిని రాకుండ ఆపవచ్చును. 1885 జూలై 6న పారిసు నగరములో లూయీ పాశ్చరు, కుక్క కరచిన తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరు అను బాలునికి ఈ టీకా వేయించెను, బాలుడు బ్రదికెను. మన దక్షిణ దేశమునకు 1907లో కూనూరులో పాశ్చరు సంస్థ వెలసెను. మనుష్యులకు వచ్చు రేబిస్‌లో నూటికి తొంబదితొమ్మిది వంతులు కుక్కల వలననే వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

కరచిన వెంటనే గాయమును సబ్బుతో, పారు నీళ్లతో పదునైదు నిమిషములు కడుగుడి. పాళెములో బోరు నీరో, బిందె నీరో ఏదైనను సరే, ఆలస్యము చేయకుడి. కారము, సున్నము, పసుపు, కాఫీపొడి, ఆకు పసరు అద్దకుడి. గట్టిగా కట్టు కట్టకుడి. ఆ దినమే ప్రభుత్వ ఆసుపత్రికి పొండు. రక్తము వచ్చిన గాయమైనయెడల టీకాతో పాటు గాయము చుట్టును వేయు సీరము కూడ అవసరము. దానిని గూర్చి డాక్టరును అడుగుడి.

బొడ్డు చుట్టు పదునాలుగు సూదులని పెద్దలు ఇంకను భయపెట్టుచున్నారు. ఆ పాత టీకా మన దేశములో 2005 నాటికి ఆగిపోయెను. ఇప్పుడు చేతికి వేయుదురు. చర్మములో వేయు పద్ధతిలో మొదటి దినము, తరువాత 3, 7, 28వ దినములలో వేయుదురు. మన వలసవారు తప్పుచున్నది ఇక్కడనే. రెండు సూదులు వేయించుకొని, చేను మారగానే మిగిలినవి మానివేయుదురు. చీటీని రేషను కార్డువలె భద్రము చేసికొనుడి. చీటీ చూపి మిగిలిన సూదులను మరియొక ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడుగవచ్చును. ఆ పాప కడపటి సూది, ఈస్టరునకు ఊరికి వచ్చినప్పుడు ఇక్కడనే వేయబడెను.

7. పాళెపు కట్టుబాట్లు

గుడారములు వేయు మొదటి సాయంకాలమే మేస్త్రి యెదుట అందరు కూడి ఈ మాటలు ఒప్పుకొనవలెనని కోరుచున్నాము.

సుగ్గికి పోకమునుపే కుక్కకు పశువుల ఆసుపత్రిలో టీకా వేయించుడి. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినము; ఆ దినములలో అనేక పశువైద్యశాలలలో ఉచితముగా వేయుదురు.

పెద్దలు చేనిలో నుండు వేళ కుక్క కట్టబడియుండవలెను. కట్టు చోటు నీడలో, నీటి గిన్నెతో, పిల్లలు నడచు దారికి దూరముగా నుండవలెను.

మొదటి సారి మీదికి దూకిన నాడే యజమానునికి తెలియజేయవలెను. రెండవసారి మేస్త్రికి తెలియజేయవలెను.

తినుచున్న కుక్క యొద్దకును, పిల్లలు పెట్టిన కుక్క యొద్దకును పోరాదనియు, కుక్కను చూచి పరుగెత్తక నిలువవలెననియు బిడ్డలకు నేర్పవలెను. రాళ్లు రువ్వుట మాన్పించవలెను.

కాపరుల కుక్కలను గూర్చి కాపరితోనే మాటలాడవలెను. తన కుక్క గుణము అతనికి తెలియును.

ముగింపు

ఆ పాళెములో పదునొకండవ దినము ఉదయమున ఎఱ్ఱ కుక్క ఎప్పటివలె గంజి త్రాగెను. యజమానుడు ఆ మాట చెప్పుటకు తానే పాప గుడారమునకు పోయెను. నాలుగు దినముల కూలి డబ్బు ఆమె తల్లి చేతిలో పెట్టి, తప్పు నాది అనెను. అప్పుడు ఆ అవ్వ లేచి, చెప్పని తప్పు నాది కూడ అనెను. మేమును మా తప్పు ఒప్పుకొంటిమి. ఆ రాత్రి ప్రార్థన కూటములో రెండు కుటుంబములును ఒక్క చాపమీద కూర్చుండిరి. కుక్క మాత్రము సీజను ముగియువరకు కట్టబడియే యుండెను.

ప్రశ్నలు

(1) పొడుచు ఎద్దు యజమానుడు ఎప్పుడు నిర్దోషి? ఎప్పుడు దోషి?
(2) ఓర్చుకొనుటకును, దాచుటకును భేదమేమి? మీ యింట జరిగినది ఒకటి చెప్పుడి.
(3) కరచిన కుక్కను చంపుట ఎందుకు తెలివితక్కువ?
(4) ఈ సంవత్సరము మీ పాళెములో ఆసుపత్రి ఎంత దూరమో, ఎవరు త్రోవ చూపుదురో ముందుగా తెలిసికొనువారెవరు?

మన గుడారముల మధ్య సంచరించు దేవుడు ఈ సుగ్గిలో మీ రాకపోకలను, మీ పసిబిడ్డలను కాపాడును గాక. ఆమేన్.