సముద్రపు ఒడ్డున చెత్త లెక్క

గన్నవరంలో చదువుకొనే విద్యార్థికి సముద్రం ఎంత దూరం? పటం తీసి, దాని స్కేలు చూసి కొలవండి. బందరు దగ్గరి మంగినపూడి తీరం సూటిగా సుమారు 60 కిలోమీటర్లు ఉంటుంది. అంత దూరాన ఉన్న సముద్రపు ఒడ్డున చెత్త పడి ఉంటే దానితో మనకేమి పని అని మీకు అనిపించవచ్చు. ఆ ఒడ్డున దొరికే పాల ప్యాకెట్టునో, షాంపూ పొట్లాన్నో సముద్రం తయారు చేయలేదు. అది ఎక్కడో ఒక ఊళ్లో ఒకరి చేతిలోంచి జారిందే. అది ఏ దారిన అక్కడికి చేరిందో ముందుగా తెలుసుకొందాం.

నీరు పోయే దారి

కృష్ణానదికి విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కడినుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విజయవాడ నగరం మధ్యగా సాగి డెల్టా పొలాలకు నీరు పంచుతాయి. వీటిలో ఏలూరు కాలువ గన్నవరం ప్రాంతం గుండా పోతుంది.

కాలువ నీరు తెస్తుంది; మరి మిగిలిన నీరు, వాననీరు ఎటు పోతుంది? పల్లానికి. మన ప్రాంతంలో ఆ పని చేసే పెద్ద ఏరు బుడమేరు. ఎనికేపాడు దగ్గర అది ఏలూరు కాలువ కిందనుంచి సొరంగంలాంటి కట్టడం గుండా దాటి, తూర్పుగా పోయి కొల్లేరులో కలుస్తుంది. కొల్లేటి నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతం చేరుతుంది. అంటే వీధి కాలువ, మురుగు కాలువ, బుడమేరు, కొల్లేరు, ఉప్పుటేరు, సముద్రం - ఇదంతా ఒకే దారి. ఆ దారిలో మన ఊరు ఒక మజిలీ.

దారిన పడిన చెత్త అంతా సముద్రం చేరదు. కొంత గుర్రపుడెక్కలో చిక్కుకొంటుంది. కొంత తూముల దగ్గర అడ్డుపడుతుంది. కొంత పొలాల్లో దిగబడుతుంది. కాలువలు కట్టేసిన వేసవిలో వంతెన మీద నిలబడి చూస్తే ఆగిపోయిన చెత్త కంటికి కనబడుతుంది. పెద్ద వాన వచ్చినప్పుడు అందులో కొంత కదిలి ముందుకు పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు కట్టలకు గండ్లు పడి విజయవాడ పేటలు మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వరదనీరు ఏమి మోసుకుపోగలదో అప్పుడు చూశాం.

ప్లాస్టిక్ ఎందుకు కుళ్ళదు?

అరటి ఆకు, కొబ్బరి పీచు, గోనెసంచి - ఇవీ చెత్తే. కాని వీటిని తినే సూక్ష్మజీవులు నేలలో, నీటిలో కోట్లకొద్దీ ఉన్నాయి. అవి కొన్ని వారాల్లోనో, సంవత్సరాల్లోనో వాటిని మళ్ళీ మట్టిలో కలిపేస్తాయి. పాలిథీన్ సంగతి వేరు. దీన్ని పరిశ్రమల్లో తయారుచేసే మార్గం 1933లో ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో దొరికింది. కర్బన పరమాణువులు వేల సంఖ్యలో గొలుసుకట్టుగా చేరితే ఏర్పడే పెద్ద అణువు ఇది. ఈ గొలుసును తెంచే శక్తి చాలా సూక్ష్మజీవులకు లేదు.

అయితే ఎండ దానిని వదలదు. అతినీలలోహిత కిరణాలు తగిలి గొలుసులు అక్కడక్కడా తెగుతాయి. సంచి పెళుసెక్కి ముక్కలవుతుంది. ముక్కలు మళ్ళీ ముక్కలవుతాయి. 5 మిల్లీమీటర్లకంటె చిన్న ముక్కలను సూక్ష్మ ప్లాస్టిక్‌లు అంటారు. కంటికి కనబడనంత చిన్నదైనా అది ప్లాస్టిక్‌గానే ఉంటుంది. ఒక సంచిని ఈ రోజు ఎత్తడం సులువు. పదేళ్ళ తరువాత అదే సంచి తాలూకు వేల ముక్కలను ఇసుకలోంచి ఏరడం ఎవరి తరమూ కాదు. ఒడ్డున చెత్త ఏరేవారు చేసే పనికి అసలైన విలువ ఇక్కడ ఉంది.

తేలేదేది? మునిగేదేది?

ఒడ్డున మనకు కనబడేది చెత్తలో ఒక భాగమే. ఎందుకో ఈ ప్రయోగం చేసి తెలుసుకోండి. పాల ప్యాకెట్టు ముక్క, సీసా మూత, నీళ్ళ సీసా గోడనుంచి కత్తిరించిన ముక్క, నైలాన్ వల దారం తీసుకోండి. ఒక లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు కలపండి. ఇది సుమారుగా సముద్రపు నీరు. ఒక్కొక్క ముక్కనూ నీటిలో ముంచి, అంటుకొన్న గాలిబుడగలు పోయేలా కదిపి వదలండి. ఊరికే పైన వేస్తే నీటి తలతన్యత వల్ల మునగవలసినది కూడా తేలవచ్చు.

పాల ప్యాకెట్టు, మూత తేలుతాయి. సీసా ముక్క, నైలాన్ దారం మునుగుతాయి. కారణం సాంద్రత. సముద్రపు నీటి సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.025 గ్రాములు. పాలిథీన్ సాంద్రత 1కంటె తక్కువ. నైలాన్‌ది సుమారు 1.15, సీసా ప్లాస్టిక్‌ది సుమారు 1.38. మూత బిగించిన ఖాళీ సీసా లోపలి గాలి వల్ల తేలుతూ ఒడ్డుకు వస్తుంది. మూత ఊడి నీరు నిండితే అదే సీసా అడుగుకు పోతుంది. అంటే ఒడ్డున సీసాలు తగ్గినంత మాత్రాన సముద్రంలో తగ్గాయని చెప్పలేము.

ఇంకొకటి చూడండి. గ్లాసు నీటిలో ఇక కరగదు అన్నంతవరకు ఉప్పు కలపండి. దాని సాంద్రత సుమారు 1.2 అవుతుంది. ఇప్పుడు నైలాన్ దారం తేలుతుంది! ఇసుకలో దాగిన సూక్ష్మ ప్లాస్టిక్‌లను వేరు చేయడానికి శాస్త్రవేత్తలు వాడే పద్ధతుల్లో ఇది ఒకటి. ఇసుకను ఉప్పునీటిలో కలియబెట్టి వదిలితే ఇసుక కిందికి దిగుతుంది, తేలిక ముక్కలు పైకి వస్తాయి.

నష్టం ఎవరికి?

జనవరి మొదలు కొన్ని నెలలపాటు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు కృష్ణా తీరపు ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కొక్క గూటిలో సుమారు నూరు గుడ్లు ఉంటాయి. నీటిలో తేలే పాలిథీన్ సంచి తాబేలు కంటికి జెల్లీచేపలా కనబడుతుంది. తాబేలు గొంతులో లోపలివైపుకు వంగిన ముళ్ళవంటి నిర్మాణాలున్నాయి. జారిపోయే ఆహారం వెనక్కు రాకుండా అవి ఆపుతాయి. పొరపాటున మింగిన సంచిని కూడా అలాగే ఆపుతాయి. తెగిపోయి కొట్టుకుపోయే వలలు మనిషి చేయి లేకుండానే జీవులను పడుతూ ఉంటాయి.

కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవులున్నాయి. మడ చెట్టు వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొని వచ్చి గాలి పీలుస్తాయి. వాటిమీద ప్లాస్టిక్ పొర పరుచుకొంటే గాలి అందదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పటినుంచి తీరానికి చెట్ల కాపు ఎంత అవసరమో మన జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

సముద్రందాకా పోనక్కరలేదు. చెత్తకుప్ప దగ్గర మేసే ఆవునే చూడండి. అన్నం మూటకట్టి పారేసిన సంచిని అది సంచితో సహా మింగుతుంది. ఆ సంచి జీర్ణం కాదు, నెమరుకూ రాదు. కడుపులోని మొదటి గదిలో పేరుకుపోయి మేతకు చోటు లేకుండా చేస్తుంది.

చేతులు కలిపినవారు

1986లో అమెరికాలోని టెక్సస్ తీరంలో సుమారు 2,800 మంది స్వచ్ఛందంగా చేరి చెత్త ఏరారు. వారు ఏరిన ప్రతి వస్తువునూ కాగితం మీద లెక్క రాశారు. అంతర్జాతీయ తీర పరిశుభ్రతా దినం అలా మొదలైంది. ఇప్పుడు అది ఏటా సెప్టెంబరు మూడవ శనివారం జరుగుతుంది. ఆ కాలంలోనే, 1988 డిసెంబరు 31 నుంచి, ఓడలు ప్లాస్టిక్‌ను సముద్రంలో పారవేయరాదన్న అంతర్జాతీయ నిబంధన అమలుకు వచ్చింది. దానికి మద్దతు కూడగట్టడంలో ఇటువంటి లెక్కలు పనికివచ్చాయి.

మన దేశంలో 2022 జూలై 5 నుంచి సెప్టెంబరు 17 వరకు 75 రోజులపాటు 75 తీరాల్లో శుభ్రతా ఉద్యమం నడిచింది. అదే సంవత్సరం ఆగస్టు 26న విశాఖపట్నంలో 28 కిలోమీటర్ల తీరం వెంట 20,000 మందికి పైగా పాల్గొని సుమారు 76 టన్నుల చెత్త ఎత్తారని ప్రకటించారు. తలకు ఎన్ని కిలోలో మీరే భాగించి చూడండి. నాలుగు కిలోలు కూడా రాదు. ఒక్కరి చేతిలో చిన్నదిగా కనబడే పని కలిస్తే ఎంతవుతుందో ఈ లెక్క చెబుతుంది.

మన డెల్టాలోనే మరొక ఉదాహరణ ఉంది. చల్లపల్లిలో వైద్య దంపతులు డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి, వారితోపాటు మరికొందరు 2014 నవంబరు 12న తెల్లవారుజామున చీపుళ్ళు పట్టి ఊరి రోడ్డు మీదికి వచ్చారు. మరునాడు మళ్ళీ వచ్చారు. వేయి రోజులు దాటినా ఆ పని ఆగలేదు. రోడ్లు ఊడ్చారు, మురుగు కాలువలు బాగుచేశారు, దారుల వెంట మొక్కలు నాటారు. చల్లపల్లి సముద్రపు ఒడ్డున లేదు. అయినా ఆ ఊరి కాలువలో ఎత్తిన చెత్త సముద్రానికి పోదు కదా!

తొట్టి లెక్క

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ముంబయిలోని వెర్సోవా తీరాన్ని అఫ్రోజ్ షా అనే న్యాయవాది 2015లో శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. వందలమంది వచ్చి కలిశారు. 2018 మార్చిలో అక్కడ ఆలివ్ రిడ్లే పిల్లలు ఇసుకలోంచి వచ్చి సముద్రంలోకి నడిచాయి. అయినా ప్రతి వానాకాలం అలలు కొత్త చెత్త తెచ్చి పోస్తూనే ఉన్నాయి. మరి ఏరినదంతా వృథాయేనా?

మీ గణితంలో తొట్టి లెక్క ఉంది. ఒక గొట్టం తొట్టిని నింపుతుంటే ఇంకొకటి ఖాళీ చేస్తుంది. చెత్త ఏరడం ఖాళీ చేసే గొట్టం. నింపే గొట్టాన్ని కట్టకుండా ఎంత తోడినా తొట్టి ఖాళీ కాదు. అయితే నింపే గొట్టం ఎక్కడుందో, ఎంత వేగంగా పోస్తున్నదో తెలిసేది ఎలా? ఏరినదాన్ని లెక్కపెట్టడం వల్లనే. అందుచేత లెక్క రాయకుండా చెత్త ఏరితే సగం పనే చేసినట్లు.

మీ బృందం ఏమి చేయాలి?

పదిమంది చేరండి. ఒక ఉపాధ్యాయుడో, పెద్దవారో తప్పక తోడుండాలి. కాలువ గట్టుకు దూరంగా, ఊరి దారి పక్కన 20 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చోటు ఎంచుకోండి. అది 100 చదరపు మీటర్లు. చేతులకు తొడుగులు, కాళ్ళకు చెప్పులు వేసుకోండి. గాజు పెంకులు, సూదులు, మందు సీసాలు మీరు ముట్టకండి, పెద్దలకు చూపండి. నీటిలోకి దిగకండి.

ఏరినవాటిని రకాలుగా విడదీయండి: సంచులు, తినుబండారాల పొట్లాలు, సీసాలు, మూతలు, కప్పులు, సిగరెట్ పీకలు, ఇతరాలు. పీక దూదిలా కనబడినా అది కూడా ఒక రకం ప్లాస్టిక్ పోగే. మొదటి రోజు 240 వస్తువులు దొరికాయనుకొందాం. చదరపు మీటరుకు 2.4 అన్నమాట. ఇది చాలాకాలంగా పేరుకొన్నది. వారం తరువాత అదే చోట మళ్ళీ ఏరండి. ఈసారి 70 దొరికితే, రోజుకు 10 చొప్పున కొత్తవి పడుతున్నాయి. ఈ రెండవ అంకెయే ముఖ్యం. నింపే గొట్టం వేగం అదే. అందులో ఏ రకం ఎక్కువో చూస్తే గొట్టం ఎక్కడుందో తెలుస్తుంది. కప్పులు ఎక్కువైతే టీ దుకాణం దగ్గర బుట్ట లేదన్నమాట. పొట్లాలు ఎక్కువైతే అవి మన బడి పిల్లలవే కావచ్చు!

ఆ అంకెలను పెద్ద కాగితం మీద రాసి పంచాయతీకి, దుకాణదారుకు చూపండి. ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను 2022 జూలై 1 నుంచి దేశంలో నిషేధించారు. మీ లెక్కలో అవి ఇంకా దొరుకుతున్నాయా? అదీ రాయండి. బుట్ట పెట్టిన తరువాత మళ్ళీ లెక్కించండి. రోజుకు 10 పడేచోట 4 పడితే మీ పని ఫలించినట్లే. తగ్గకపోతే కారణం వేరే ఉంది, దాన్ని వెదకాలి. శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే.

సముద్రపు ఒడ్డుకు వెళ్ళినప్పుడు ఒక జాగ్రత్త. గవ్వలు, కొట్టుకొచ్చిన కొమ్మలు, ఇసుకను పట్టి ఉంచే తీగలు చెత్త కావు. వాటిని ముట్టకండి. అవి తీరానివే, ప్లాస్టిక్ ఒక్కటే మనది.

ప్రశ్నలు

1. మీ వీధి కాలువ నీరు ఏ ఏరులో కలిసి సముద్రం చేరుతుంది? పటం గీయండి.
2. నీటిలో మునిగే ప్లాస్టిక్ ఒడ్డున ఎక్కువగా ఎందుకు దొరకదు?
3. ఒక చోట మొదట 300 వస్తువులు, ఏరిన 5 రోజులకు మరో 40 దొరికాయి. రోజుకు ఎన్ని పడుతున్నాయి? దీన్ని సగానికి తగ్గించడానికి మీరేమి చేస్తారు?